వెలుగు పడిన వైపు

మా తమ్ముడి ఆఖరి ఫోటోను హెచ్చరిక బోర్డు చేస్తామని కొండ ఆఫీసరు చెప్పినప్పుడు నేను ఏమీ అనలేదు. కుర్చీ వెనక్కి జరిపి, లేచి వచ్చేశాను. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. బడిలో పిల్లలు కూడా ఒక్కోసారి నా మౌనాన్ని అలాగే అపార్థం చేసుకుంటారు.

అప్పటికి సంగతి ఇదీ. తమ్ముడు సాయంత్రం వెలుగులో కొండనూ వాగునూ ఫోటోలు తీసేవాడు. ఒకరోజు మధ్యాహ్నం అలా వెళ్ళినవాడు తిరిగి రాలేదు. మర్నాడు వాగు దిగువన దొరికాడు. కెమెరా మెడలోనే ఉంది. కెమెరా నిలబెట్టే మూడుకాళ్ళ స్టాండు దొరకలేదు, కొట్టుకుపోయిందన్నారు. తడిసిన రీలును స్టూడియో బాబాయి కడిగితే అందులో చివరి బొమ్మ కొండది. మా ఊరు కొండకు పడమట ఉంది. ఇక్కడినుంచి చూస్తే జంట శిఖరాల్లో పెద్దది ఎడమన, చిన్నది కుడిన ఉంటాయి. ఆ ఫోటోలో పెద్దది కుడిన ఉంది. అంటే వాడు కొండ వెనక నిలబడి తీశాడని, రాళ్ళు జారతాయని కంచె వేసి మూసేసిన తూర్పు అంచు మీదికి వెళ్ళాడని, ప్రాణం చేజేతులా పోగొట్టుకున్నాడని కొండ బాగోగులు చూసే ఆఫీసు తేల్చింది. వాగు కొండను చుట్టి వస్తుంది కనుక ఎటు పడినా తేలేది దిగువనే. ఊరు నమ్మింది.

ఆదివారం ఆ బొమ్మను మనిషి ఎత్తున కొండ దారిలో నిలబెడతారు. పైన రాయబోయే మాట కూడా ఆఫీసరు చదివి వినిపించాడు: "హద్దు దాటినవాడి ఆఖరి చూపు."

"నలుగురికీ పాఠం అవుతుంది టీచర్ గారూ," అన్నాడు.

పాఠం అనే మాట నాతో అన్నాడు.

మరదలు మాత్రం బొమ్మ ఇస్తానని మాటిచ్చేసింది. ఇంటికొచ్చాక ఇద్దరం వంటింట్లో ఆ విషయమే పట్టుకున్నాం.

"ఆయన తీసిన బొమ్మ అంత పెద్దదిగా ఇంకెవరు పెడతారు వదినా? రాత ఏదైతేనేం. వచ్చేవాళ్ళు బొమ్మనే చూస్తారు."

"రాతే చూస్తారు. బొమ్మల పుస్తకం చేతికిచ్చినా పిల్లలు ముందు కింద రాసిందే చదువుతారు. రోజూ చూస్తున్నదాన్ని."

"మీకు ఆయన మీద కోపమా?"

"కోపముంటే వాడికే చెప్పేదాన్ని. బోర్డు మీద రాయించను."

ఆమె పొయ్యి వైపు తిరిగింది. ఈమధ్య ఇద్దరం ఎక్కువగా పొయ్యితోనే మాట్లాడుతున్నాం.

టీ గ్లాసు పట్టుకుని వెనక గుమ్మంలోకి వెళ్ళాను. ఆ గుమ్మం తూర్పుకు. ఎదురుగా పొలాలు, వాగు ఒడ్డు చెట్లు, వాటి మీద కొండ. గుమ్మం పక్క మూలలో స్టాండు ఆనించే చోటు ఖాళీగా ఉంది. చలికి స్టాండు ఇనుప కాళ్ళు పట్టుకుంటే చేతులు కొరుకుతున్నాయని తమ్ముడంటే నా పాత నీలం గొడుగు గుడ్డ చింపి ఒక కాలికి చుట్టి కుట్టాను. నీలం దారం లేక నల్ల దారంతో కుట్టాను. "స్టాండుకు దెబ్బ తగిలి కట్టు కట్టినట్టుంది అక్కా," అని నవ్వాడు. విప్పలేదు మాత్రం.

పొద్దు మా ఇంటి మీదుగా పడమటికి వాలుతోంది. ఆ వెలుగు పొలాలు దాటి వెళ్ళి కొండ ముఖాన పడింది. రాతి పగుళ్ళు, పగుళ్ళలో మొలిచిన పొదలు, వాన నీళ్ళు జారిన చారలు, అన్నీ చేత్తో తడమొచ్చు అన్నట్టున్నాయి. సాయంత్రం కొండ ఫోటో తీయడానికి పోయి నలుపు తెలుపు బొమ్మలు తెస్తాడని ఊళ్ళో వాణ్ణి ఏడిపించేవాళ్ళు. "సందెరాయుడు" అని పేరు పెట్టారు. "రంగులు అందరికీ కనబడతాయి. వెలుగు ఎటునుంచి వస్తోందో చూసుకోవాలంటే రంగు తీసెయ్యాలి," అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు, ఈ గుమ్మంలోనే, నేను కాగితాలు దిద్దుకుంటూ వినీ విననట్టు ఉన్నప్పుడు: "సాయంత్రం కొండ మనకు ముఖం చూపిస్తుంది అక్కా. అవతలివాళ్ళకు వీపే."

గ్లాసు గడప మీద పెట్టేశాను.

వంటింటి గోడకు ఆ ఫోటో చిన్న ప్రింటు అతికించి ఉంది. ఊడదీసి గుమ్మంలోకి తెచ్చాను. పగుళ్ళు, పొదలు, నీటి చారలు. ఒక్కటీ నీడలో లేదు.

"ఒకసారి ఇలా రా," అన్నాను. మరదలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఈ వేళప్పుడు కొండ అవతల నిలబడి ఇటు చూస్తే కొండ ఎలా ఉంటుంది?"

"నల్లగా ఉంటుంది. దీపానికి అడ్డం నిలబడ్డ మనిషిలా."

"మరి ఇది?"

ఆమె ప్రింటు చూసింది. కొండను చూసింది. మళ్ళీ ప్రింటు చూసింది.

"తెల్లగా ఉంది," అంది మెల్లగా. "ముఖమంతా వెలుగే. మరి పెద్ద శిఖరం అటువైపు ఎందుకుంది వదినా?"

"అది బాబాయిని అడగాలి."

*

శనివారం ఒంటిపూట బడి. గంట కొట్టగానే మరదల్ని వెంటబెట్టుకుని స్టూడియోకి వెళ్ళాను.

బాబాయి మాకు రక్త సంబంధీకుడు కాడు. అంతకన్నా ఎక్కువే. తమ్ముడికి కెమెరా పట్టుకోవడం నేర్పినవాడు, వాడు తొలి రీలు పాడు చేసినప్పుడు చెవి మెలేసినవాడు, వాగు నుంచి తెచ్చిన రీలును ఆరనివ్వకుండా నీళ్ళ బకెట్లోనే ఉంచి ఒడిలో పెట్టుకుని బండి మీద కూర్చున్నవాడు. ఆరితే పొరలన్నీ అంటుకుపోయేవట. స్టూడియో కిటికీలో ఒకప్పుడు పెళ్ళి ఫోటోలుండేవి. ఇప్పుడు అన్నీ తీసేసి ఈ ఒక్క బొమ్మే పెట్టాడు, నల్ల చట్రంలో. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

చీకటి గదిలో ఎర్ర బల్బు వెలుగుతోంది. మందు నీళ్ళ వాసన. ఆయన పళ్ళెంలో ఏదో కాగితాన్ని పటకారుతో అటూ ఇటూ కదుపుతున్నాడు.

"తలుపు వెయ్యండి, వెలుగొస్తోంది," అన్నాడు.

వేశాను. "ఆ ప్రింటు తిరగబడింది బాబాయ్."

"ఏ ప్రింటు?"

"ఏదో మీకు తెలుసు."

పటకారు ఆగలేదు. "తాతకు దగ్గులు నేర్పడానికి వచ్చావా అమ్మాయ్? నువ్వు పలక పట్టకముందు నుంచీ ఈ చీకట్లో ఉన్నాను. ఎడమ ఏదో కుడి ఏదో వెళ్ళి బళ్ళో పిల్లలకు చెప్పుకో."

"వాళ్ళకు చెప్పేశాను. ఇక మీరే మిగిలారు."

ఇంకో రోజైతే ఆయన నవ్వేవాడు. నవ్వలేదు. నేను వెలుగు సంగతి చెప్పాను. సాయంత్రం ఏ వైపు ముఖం, ఏ వైపు వీపు, అంతా. ఆయన అడ్డం రాకుండా విన్నాడు. అడ్డం రాకపోవడమే నాకు నచ్చలేదు. బాబాయి ఎవరి మాటా చివరిదాకా విన్న మనిషి కాడు.

"నెగెటివ్ చూపించండి," అన్నాను.

"కుదరదు. అది నీళ్ళలో నానిన రీలు. ముట్టుకుంటే పొర లేచొస్తుంది."

"నేను ముట్టుకోను. మీరు పెట్టండి, నేను చూస్తాను."

"కుదరదన్నానా? ఆఫీసువాళ్ళు వచ్చి అడిగితేనే ఇవ్వలేదు, ప్రింటు మాత్రమే ఇచ్చాను. వాడు నాకు కొడుకులాంటివాడు. వాడి ఆఖరి వస్తువు అది. ప్రతివాళ్ళూ వచ్చి గెలకడానికి…"

"ప్రతివాళ్ళూ రాలేదు మామయ్యా," అంది మరదలు.

అంతవరకూ ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది. స్టూడియోలో ఆమె గొంతు వినడం ఇదే మొదలనుకుంటాను. ఎప్పుడూ బయట బల్ల మీద కూర్చుని తమ్ముడి కోసం ఎదురుచూసేది.

"నేను వచ్చాను. ఆ రీలు నా మొగుడిది. చూపించండి."

బాబాయి పటకారు పళ్ళెం అంచున పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు. బీరువా తెరిచి పల్చటి కాగితంలో చుట్టిన రీలు ముక్క తెచ్చాడు. కింద దీపమున్న అద్దపు బల్ల వెలిగించి దాన్ని పరిచాడు. రెండు వేళ్ళతో అంచులు మాత్రమే పట్టుకుని, పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు.

"చూసుకో. పెద్ద శిఖరం కుడివైపే ఉంది. తృప్తేనా?"

నిజంగానే కుడివైపే ఉంది. భూతద్దం తీసుకుని వంగాను. రీలు మీద కొండ బొమ్మ పక్కనే, దానికి ముందు తీసిన బొమ్మ ఉంది. అది నాది. ఆ మధ్యాహ్నం వాడు బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి చెయ్యెత్తి ఏదో అంటున్నాను. ఏదో కాదు, చీకటి పడకముందే రమ్మంటున్నాను. నెగెటివ్‌లో ముఖం నల్లగా, జుట్టు తెల్లగా ఉన్నా విసుగు తెలుస్తూనే ఉంది. వాడు ఆఖరుగా తీసిన మనిషి ముఖం నాది. అది విసుగ్గా ఉంది.

భూతద్దం మరదలికి ఇచ్చాను. ఇక చూడలేకపోయాను.

ఆమె చాలాసేపు వంగే ఉంది. తర్వాత, తల ఎత్తకుండానే, అడిగింది.

"వదినా, మీరు గడియారం కుడిచేతికి ఎప్పుడు పెట్టుకున్నారు?"

నా ఎడమ మణికట్టు చూసుకున్నాను. అక్కడే ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. సుద్దముక్క పట్టే చేతికి గడియారం పెట్టుకుంటే అద్దంలోకి పొడి పోతుంది.

బాబాయి వైపు చూశాం ఇద్దరం.

ఆయన అద్దపు బల్ల మీదికి వంగాడు. అవే రెండు వేళ్ళతో రీలు ముక్కను ఎత్తి, తిప్పి, రెండో వైపు పైకి వచ్చేలా మళ్ళీ పరిచాడు. రీలు అంచున ఉండే అంకెలు అప్పటిదాకా అద్దంలో కనబడే రాతలా తిరగబడి ఉన్నవి చక్కగా చదవడానికి వీలుగా నిలబడ్డాయి. గడియారం నా ఎడమ చేతికి వచ్చింది. పెద్ద శిఖరం ఎడమకు వచ్చింది.

మా వెనక గుమ్మంలోంచి కనబడే కొండ.

"తెలుసా మీకు?" అన్నాను.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

ఆయన ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. "రీలుకు ఒక వైపు నునుపు, ఒక వైపు మసక. బొమ్మ ఉండేది మసక వైపు. మామూలుగా అది కిందికి, అద్దానికి ఆనేలా పెట్టి ప్రింటు తీస్తాం. నానిన రీలుకు ఆ వైపు జావలా ఉంటుంది. అద్దానికి తగిలితే బొమ్మ అంతా ఊడి అద్దానికే అంటుకుంటుంది. వాడి బొమ్మ పోతుందేమోనని భయం. తిరగేసి పెట్టి, ముందు ఒక ప్రింటు తీసి దక్కించుకుందాం, గట్టిపడ్డాక సరిగా పెట్టి ఇంకోటి తీద్దాం అనుకున్నాను. ఆ మొదటిది తీగ మీద ఇంకా ఆరలేదు, ఆఫీసరు వచ్చాడు. చూసి, 'అరె, అవతలి నుంచి తీశాడే' అన్నాడు. నేను నోరు తెరిచేలోపు…"

"తెరిచేలోపు?"

"తెరవలేదు."

ఎర్ర వెలుగులో ఆయన ముఖం మీద ముడతలు ఎక్కువగా కనిపించాయి.

"ఎందుకు మామయ్యా?" అంది మరదలు.

"అప్పుడే కిటికీలో పెట్టమన్నాడు. పెట్టాను. జనం వచ్చారు. ముసలాయన ఎంత బాగా దక్కించాడో అన్నారు. తిరగబడిందని చెబితే, వాడి ఆఖరి బొమ్మ పాడుచేసిన చెయ్యి ఇదే అంటారు. తర్వాత ఆఫీసువాళ్ళు కంచె దాటాడని రాశారు. అప్పుడు చెబుదామనుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది. ఎటు నిలబడి తీసినా పోయినవాడు రాడు కదా అనుకున్నాను తల్లీ."

"పోయినవాడు రాడు. వాడి మీద పడ్డ మాట మాత్రం పోదు. రేపు దాన్ని మేకులు కొట్టి నిలబెడుతున్నారు."

ఆయన ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఆయన్ను ఓదార్చాలని నాకు అనిపించలేదు. అనిపించనందుకు బాధ కూడా కలగలేదు. ఓదార్పుకు తర్వాత చాలా రోజులున్నాయి.

"ఇప్పుడు రీలు గట్టిపడిందా?" అన్నాను.

"గట్టిపడింది."

"అయితే సరిగా పెట్టి తీయండి."

"మళ్ళీ పాడు చేస్తానేమో."

"చెయ్యరు. పక్కన నిలబడతాను."

మసక వైపు కిందికి ఉందో లేదో రెండుసార్లు చూసుకుని పెట్టాడు. కాగితం మీద వెలుగు పడింది, ఆగింది. కాగితాన్ని పళ్ళెంలోకి జార్చాడు. తెల్లటి కాగితం కాసేపు తెల్లగానే ఉంది. తర్వాత ముందుగా వాగు మధ్యనున్న ఎండుచెట్టు పంగలకొమ్మ తేలింది. ఆ వెనక చిన్న శిఖరం, కుడివైపు. చివరికి పెద్దది, ఎడమన, దాని చోట అది.

మరదలు ఊపిరి వదిలింది. "ఆయన మనింటి వైపే ఉన్నాడు వదినా," అంది.

ప్రింటు ఆరుతుండగా బాబాయి బయటికి వెళ్ళి, కిటికీలోంచి నల్ల చట్రాన్ని తనే తీసేశాడు. బయట ఆగిన ఒకాయన "ఏమైంది, అమ్మేశారా?" అని అడిగాడు.

"తప్పు తీశాను," అన్నాడు బాబాయి. తర్వాత మా వైపు తిరిగి, "పొద్దు వాలకముందే పోవాలి. పదండి. నేనూ వస్తున్నాను," అన్నాడు.

*

కొండ చూడటానికి వచ్చేవాళ్ళ కోసం మా వైపు వాగు మీదికి చొచ్చుకొచ్చేలా ఒక పొడవాటి చెక్క వేదిక కట్టారు. చుట్టూ కర్ర పిట్టగోడ. మొదట్లో కాపలావాడి గది, రేకుల కప్పుతో. వేదికకు వెళ్ళే దారిలో ఇద్దరు మనుషులు బోర్డు కోసం గుంటలు తవ్వి కర్రలు పాతుతున్నారు. ఆఫీసరు పక్కనే నిలబడి కర్ర నిటారుగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూస్తున్నాడు. బోర్డు ఇంకా గోనెపట్టా కప్పుకుని చెట్టుకు ఆని ఉంది.

"రండి రండి టీచర్ గారూ. ఒకరోజు ముందే వచ్చారే."

"బోర్డు ఆపమని చెప్పడానికి వచ్చాను."

కొత్త ప్రింటు ఆయన చేతికిచ్చాను. బాబాయి ముందుకొచ్చి, గొంతు సరిచేసుకుని, తను చేసిన పొరబాటు ఇద్దరు కూలీల ముందే చెప్పాడు. ఎక్కడా దాచుకోలేదు. ఆఫీసరు విని, ప్రింటును అటూ ఇటూ తిప్పి, చిరునవ్వు నవ్వాడు.

"ఫోటో తిరగేస్తే కొండ తిరుగుతుందా? నిన్న అలా తీశారు, ఇవాళ ఇలా తీశారు. రేపు తలకిందులుగా తీస్తారేమో. దేన్ని నమ్మాలి నేను?"

"ఫోటోను నమ్మొద్దు. కొండను చూడండి."

అందరం తిరిగి చూశాం. పొద్దు మా వీపుల మీద ఉంది. కొండ ముఖం పగులు పగులూ వెలిగిపోతోంది.

"మీ మనిషినొకణ్ణి ఇప్పుడే అవతలికి పంపండి," అన్నాను. "ఈ వెలుగు ఉండగానే. అక్కడినుంచి ఈ పగుళ్ళు కనిపించాయని వచ్చి చెబితే, మీ బోర్డుకు మొదటి మేకు నేనే కొడతాను."

కూలీల్లో ఒకడు పలుగు నేలకు ఆనించి నిలబడ్డాడు. ఆఫీసరు వాడి వైపు చూస్తే వాడు కొండ వైపు చూశాడు.

"పొద్దున్నే వెళ్ళి తీసి ఉండొచ్చు. అప్పుడు అవతలి ముఖమే వెలుగుతుంది," అన్నాడు ఆఫీసరు. తెలివిలేని మనిషి కాడు.

"దాని ముందు తీసిన బొమ్మలో నేనున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా గుమ్మంలో. ఆ తర్వాతే కొండ. రీలు ముందుకే నడుస్తుంది, వెనక్కి నడవదు."

సమాధానం కోసం నేను ఆగలేదు. ప్రింటు ఆయన చేతిలోంచి తీసుకుని వేదిక మీదికి నడిచాను. ఫోటోలో ఎండుచెట్టు పంగలకొమ్మ సరిగ్గా చిన్న శిఖరం కింద ఉంది. వేదిక మొదట్లో నిలబడితే ఆ కొమ్మ శిఖరానికి ఎంతో పక్కగా కనబడింది. పిట్టగోడ వెంట నడుస్తూ పోతే కొమ్మ కొంచెం కొంచెంగా జరుగుతూ వచ్చింది. జరిగి జరిగి, శిఖరం కిందికి వచ్చి నిలిచింది. నేనూ నిలిచాను. వాడు ఇక్కడే నిలబడ్డాడు.

కాళ్ళ కింద చూశాను. వేదిక అంతా ఎండకూ వానకూ బూడిదరంగు తిరిగిన చెక్క. నేను నిలబడ్డ చోట మాత్రం పలకలు పచ్చిగా, పసుపుగా ఉన్నాయి. పిట్టగోడ కూడా అంతే మేర, ఒక మనిషి పట్టేంత, కొత్తది. చేయి వేస్తే ఇంకా జిగురు అంటింది.

"ఇది ఎప్పుడు వేశారు?"

"గాలివానకు చెదిరితే బాగుచేయించాం," అన్నాడు ఆఫీసరు, వెనకే వచ్చి. గొంతు తగ్గించాడు. "చూడండి. మీ బాధ నాకు తెలుసు. కానీ గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకండి. మీరు బడిలో పనిచేసేవాళ్ళు. నాలుగు మాటలు పైకి వెళితే…"

"మా ఇంట్లోకి గొడ్డలి వచ్చి వెళ్ళింది ఆఫీసరు గారూ. ఇక గోళ్ళకు భయపడం."

మరదలు అప్పటికే దారిలోకి వెళ్ళి, గోనెపట్టా కప్పిన బోర్డుకూ పాతిన కర్రలకూ మధ్య నిలబడింది. "నేనిచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నాను," అని అక్కడినుంచే గట్టిగా చెప్పింది. "ఆయన బొమ్మ ఇక్కడ పెట్టనివ్వను. మేకు కొట్టాలంటే నన్ను దాటి కొట్టండి." కూలీలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, పలుగు పక్కన పెట్టి, గట్టున కూర్చున్నారు.

నాకు ఇంకొకటి అడగాల్సి ఉంది. "స్టాండు ఏమైంది?"

"చెప్పాం కదా. వాగులో కొట్టుకుపోయింది."

"సాయంత్రం వెలుగు తక్కువ. స్టాండు లేకుండా తీస్తే బొమ్మ అలుక్కుపోతుంది. ఫోటో తీశాక ముందు కెమెరా విప్పి మెడలో వేసుకునేవాడు, ఆ తర్వాతే స్టాండు మడిచేవాడు. బాబాయి నేర్పిన పద్ధతి. కెమెరా మెడలో ఉందంటే స్టాండు ఇంకా నిలబడే ఉంది. అది ఎక్కడ నిలబడి ఉందో, వాడు పోయింది అక్కడే."

"వాగు ఎంత ఉధృతంగా ఉందో మీకు తెలీదు. ఇనప సామాను ఏ మడుగులో కూరుకుపోయిందో. ఇక చీకటి పడుతుంది, వెళ్ళండి."

వెళ్ళడానికే తిరిగాను. పొద్దు ఇంకా కిందికి దిగింది. ఇంతసేపూ కొండ మీద పడ్డ వెలుగు ఇప్పుడు వేదిక మీద నిలువునా పరుచుకుని, కాపలావాడి గది కిటికీలోంచి లోపలికి దూరింది. లోపల ఒక మూల వానకోటు ఒకటి వేలాడుతోంది. గోడ మేకుకు కాదు. కోటు కింద మూడు కాళ్ళున్నాయి.

కిటికీ దగ్గరికి వెళ్ళి అద్దానికి ముఖం ఆనించాను. ఒక కాలికి నీలం గుడ్డ. దాని మీద నల్ల దారం, నా అడ్డదిడ్డం కుట్టు.

తలుపుకు తాళం ఉంది.

"ఈ తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది?" అన్నాను, వెనక్కి తిరగకుండా.

కిటికీ అద్దంలో ఆఫీసరు నీడ కనిపించింది. ఆయన చెయ్యి, ఆయనకు తెలియకుండానే, చొక్కా జేబు మీదికి వెళ్ళింది.